ఏ ప్రతిలోనిదీ పాఠము?
(బలిఘట్టమున చేసిన ధర్మనిధి స్మారకోపన్యాసము)



ఎవరి స్మృతికై ఈ సభ కూడినదో ఆ మహాశయుని పేరు ఆహ్వానపత్రికమీద అచ్చైనది. ఈ యూరివారందఱును ఆయనను మాస్టారనియే పిలిచెడివారు గావున నేనును ఆ పిలుపునే వాడుకొందును. మాస్టారు ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పిన పండితులు. ఆయన వ్రాసిన పుస్తకమొక్కటియు అచ్చుపడలేదు. కాని ఆయన చదివిన పుస్తకములను కుటుంబమువారు భద్రపఱచి నాకు చూపిరి. భాగవతమేమి, మనుచరిత్రమేమి, ప్రతి పుటయంచునను సన్నని పెన్సిలు వ్రాత కలదు. ఒక పద్యములోని మాట వేఱొక ముద్రణమున వేఱువిధముగ నున్నచో ఆ మాటయు, ఆ ముద్రణమెవరిదో, ఏ సంవత్సరపుదో, రెండింటిలో తనకేది యుచితముగ తోచినదో, ఎందువలన తోచినదో, ఇంతయు రెండు మూడు పంక్తులలో ఇమిడియున్నది. అచ్చుమాటను కొట్టివేసి దానిపై మఱొకటి వ్రాసిన చోటొక్కటియు నాకు కనబడలేదు. అచ్చులోనున్నది అచ్చులోనే నిలిచినది. ఆయన యభిప్రాయము అంచున నిలిచినది. నేటి నా యుపన్యాసమంతయు ఆ యలవాటునకు వ్యాఖ్యానమని భావింపవచ్చును.

నా విషయము, కంప్యూటరునందు సాహిత్యగ్రంథములను పరిష్కరించి నిలుపు విద్య. పడమటి దేశములలో దీనికి దాదాపు నలువది యేండ్లుగా నియమగ్రంథములును, పరిశోధనసంస్థలును ఏర్పడియున్నవి. మనలోను ఈ పని చేయువారు కొందఱు కలరు. తాము చేయుచున్నది పరిష్కరణమే యని తలచువారు మాత్రము తక్కువ. తెలుగు పుస్తకమును తెఱమీద చదువుకొను భాగ్యము మనకిపుడు కలిగినది. ఆ తెఱమీది మాట ఏ ప్రతినుండి వచ్చినది, ఎవరు దానిని నిర్ణయించిరి, నిర్ణయమునకు హేతువేమి యను ప్రశ్నలకు బదులు చెప్పగల పుస్తకములు మిక్కిలి యరుదు. ఇక మీదట తెలుగున తెఱకెక్కు ప్రతి పాఠమును తన సాక్ష్యమును వెంటబెట్టుకొని రావలెనని నా మనవి. తక్కినదంతయు దీనికి ఉపపత్తి.

1. పూర్వుల పద్ధతి

తాళపత్రయుగపు కావ్యములకు కవి స్వహస్తలిఖితము దొరకుట దాదాపు కల్ల. దానికి ప్రతి, ఆ ప్రతికి ప్రతి, ఇట్లు తరతరముల లేఖకుల ఘంటములనుండి దిగివచ్చిన పాఠమే మన చేతికందును. పదముల నడుమ ఎడము లేక, పద్యపాదములు విఱుగక, ఆకు కొననుండి కొనవఱకు సాగిన ఆ వ్రాతలో ఎ, ఏలకును ఒ, ఓలకును భేదము పాటింపని లేఖకులు పెక్కండ్రు. ప, వలును, ధ, థలును ఒండొంటిని పోలియుండును. ఱకారములును అరసున్నలును లేఖకుని యభ్యాసమునుబట్టి వచ్చుచు పోవుచు నుండును. ఇట్టి ప్రతులను పలుచోట్లనుండి తెప్పించి, ఒకదానితో నొకటి సరిచూచి, ఏ మాట కవిదగునో, ఏది లేఖకుని పొరపాటో, ఏ పద్యము ప్రక్షిప్తమో, ఎచట గ్రంథపాతము కలదో నిర్ణయించి, ఆ నిర్ణయమునకు హేతువు చూపువాడు పరిష్కర్త.

ఈ పని మన దేశమున క్రమపద్ధతిలో సాగించినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798–1884) ముందు తలపునకు వచ్చును. కడపలో ఒక బంగళాను కొని, పండితులను లేఖకులను తన వేతనమునుండి పోషించి, జిల్లాజిల్లాలనుండి వ్రాతప్రతులను తెప్పించి, కాగితముపై ఎత్తివ్రాయించి, పాఠభేదములను గుర్తింపజేసెను. వేమన పద్యములను ఆయన 1829లో 693, 1839లో 1,164 ప్రకటించెను. పదేండ్లలో సంఖ్య అంతగా పెరుగుటకు కారణము ఆయన చేతికి వచ్చిన ప్రతులు పెరుగుటయు, ఏది చేర్చదగినదను నిర్ణయము మాఱుటయు. జూలూరి అప్పయ్య పంతులవంటి పండితుల సాయముతో వసుచరిత్రము 1844లోను, మనుచరిత్రము 1851లోను వెలువడినవి. ఆయన సేకరించిన ప్రతులు చెన్నపట్టణమున ప్రభుత్వ ప్రాచ్యలిఖితపుస్తకశాలకు చేరినవి. వేమన పద్యమొకటి బ్రౌను గ్రంథమున ఒక రీతిగను, బజారు ప్రతిలో మఱియొక రీతిగను ఉన్నచో, బ్రౌను పాఠమునకు వెనుకనున్న సామగ్రిని నేటికిని పరీక్షింపవచ్చును. బజారు ప్రతికి అట్టి వీలు లేదు. రెండింటి నడుమ భేదము పాండిత్యమున కంటె ముందు సాక్ష్యముననే యున్నది.

పుణెనగరమున భండార్కరు సంస్థ 1919లో ప్రారంభించి 1966లో ముగించిన సంస్కృతమహాభారత సంశోధితప్రతి ఈ విద్యకు మన దేశమున పరాకాష్ఠ. సుఖ్‌ఠణ్‌కరు మొదలైన సంపాదకులు పుట పైభాగమున తాము నిర్ణయించిన పాఠమును, అడుగున పాఠాంతరములను అచ్చొత్తించిరి. ఏ మాట తమకు నిశ్చయము కాదో ఆ మాటక్రింద వంకరగీత గీయించిరి. తెలుగులిపిలోని ప్రతులకు 'టి' యనియు, గ్రంథలిపి ప్రతులకు 'జి' యనియు, మలయాళ ప్రతులకు 'ఎమ్' అనియు సంకేతములను పెట్టిరి. ఆ వంకరగీతలో సంపాదకుని వినయమును చూచువారు చూచెదరు గాక; నేను చూచునది ఆయన కచ్చితత్వమును. తన సందేహమునకును ఒక గుర్తు నియమించి, ప్రతి పుటయందును దానిని తప్పక వాడుట సామాన్యమైన నిష్ఠ కాదు.

మన లేఖకులకును ఈ జవాబుదారీతనము కొత్త కాదు. తాళపత్రగ్రంథము ముగిసినచోట లేఖకుడు తన పేరు, ఊరు, సంవత్సరనామము, మాసము, తిథి, ఎవరికొఱకు వ్రాసినదియు తెలిపి, మాతృకలో ఎట్లున్నదో అట్లే వ్రాసితినని చెప్పుకొని, దోషములను మన్నింపుమని పెద్దలను వేడుకొనుట పరిపాటి. నేటి యంత్రపాఠములలో అనేకములకు ఆ పాటి గద్యయైనను లేదు.

2. అక్షరమునకు అంకె

యంత్రమునకు అక్షరము తెలియదు, అంకె తెలియును. ఏ అక్షరమునకు ఏ అంకె యను ఒడంబడికయే సంకేతనము. 1990 ప్రాంతమున తెలుగున ఈ యొడంబడిక ఒక్కటి గాక పలువిధములుగ నుండెను. భారతప్రమాణసంస్థ 1991లో ఇస్కీ యను ప్రమాణమును ప్రకటించెను. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయమున చదువుచున్న తెలుగు విద్యార్థులు రోమను అక్షరములతో తెలుగు వ్రాయు ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించిరి, అచ్చుకూటములవారు తమతమ ఫాంట్లను కొని వాడుకొనిరి. ఆ ఫాంటులలో ఆంగ్లాక్షరముల స్థానమున తెలుగు అక్షరఖండములు కూర్చబడియుండెడివి. తలకట్టొక యంకె, కొమ్మొక యంకె, ఒత్తొక యంకె. అచ్చునకు అది చాలెను. ఆ ఫాంటు లేని యంత్రమున అదే పుస్తకమును తెఱచినచో తెలుగు మాయమై ఆంగ్లాక్షరములును చిహ్నములును గజిబిజిగ కనబడెడివి. డీటీపీ చేయించి అచ్చువేసిన పుస్తకముల ఫైళ్లు నేటికిని ఎన్నియో ఇండ్లలో ఈ స్థితిలోనే పడియున్నవి.

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణముననే తెలుగునకు 128 స్థానముల గడి కేటాయింపబడినది. అందు అరసున్నకును శకటరేఫకును మొదటినుండియు చోటున్నది. తక్కిన ప్రాచీనచిహ్నములు ఒక్కొక్కటిగ చేరినవి. దంత్య చ, జలైన ౘ, ౙలును, అవగ్రహమును, పూర్వపు లెక్కలలోని భిన్నసంఖ్యాచిహ్నములును 2008లో చేరినవి. ప్రాచీనశాసనములలో కనబడి పిమ్మట భాషనుండి తొలగిపోయిన ఴకారము 2014లోను, ౚ యను అక్షరము 2015లోను చేరినవి. పాతవ్రాతలోని నకారపొల్లు 2021వఱకు వేచియుండవలసివచ్చెను. క్రీ.శ. 575 ప్రాంతమునదగు కలమళ్ల శాసనము వంటి తొలి తెలుగు శాసనములను ఉన్నవి యున్నట్లు ఎక్కించుటకు కావలసిన అక్షరములు నిన్న మొన్నటివఱకు మనకు పూర్తిగా లేవన్నమాట.

అక్షరములు సమకూడినంతనే పని తీఱదని చూపుటకు ఒక్క యుదాహరణము. పాత ముద్రణములలో 'ధర్మము' అను మాటలోని రేఫను వలపలగిలకతో, మకారమునకు కుడిప్రక్కన, వ్రాసెడివారు. ఆ గిలక చూచుటకు తెలుగు తొమ్మిదియంకెను పోలియుండును. పాత పుస్తకమును భక్తితో ఎక్కించు నొక వ్యక్తి, అచ్చులో కనబడినట్లే యుండవలెనని, ధకారమును మకారమును కొట్టి, పిదప తొమ్మిదియంకెను పెట్టి, 'ధమ౯ము' అని సాధించును. కంటికి సరిపోయినది. యంత్రమునకు మాత్రము ఆ మాట ధర్మము కాదు. నడుమ తొమ్మిది దూరిన రెండు ముక్కలు. ఆ పుస్తకమున ధర్మశబ్దమును వెదకువానికి అది దొరకదు. నిఘంటువు దానిని గుర్తింపదు. ఛందస్సు లెక్కించు యంత్రము ధకారమును గురువనుటకు మాఱు లఘువనును. వేఱొకరు అదే మాటను నేటి పద్ధతిని 'ధర్మము' అని ఎక్కించిరనుకొందము. వెదకిన దొరకును, కాని ఆ ముద్రణమున గిలక వాడిరను చరిత్ర నశించును. మూడవ మార్గమొకటి కలదు. మాటను 'ధర్మము' అనియే ఎక్కించి, ఆ చోట మూలమున వలపలగిలక కలదని వేఱుగ ఒక గుర్తు పెట్టుట. ఆకారమును ఆకారముగను, అర్థమును అర్థముగను, రెండింటిని కలపక నిలుపు ఈ మూడవ మార్గమే నేను చెప్పబోవు విద్యకు ప్రాణము.

3. గుర్తు పెట్టుట

1987 నవంబరులో అమెరికాలోని పొకీప్సీ పట్టణమున, వాసర్ కళాశాలలో, కొందఱు పండితులును గ్రంథాలయాధికారులును గణకశాస్త్రజ్ఞులును కూడి, ఎవరికి వారు తోచినట్లు పాఠములకు గుర్తులు పెట్టుకొనుచున్నచో ఒకరి శ్రమ మఱియొకరికి ఉపయోగింపదని గ్రహించి, ఉమ్మడి నియమములను నిర్మింప పూనుకొనిరి. ఆ యుద్యమమునకు టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ అని పేరు; టీఈఐ అని వాడుక. 1994లో సమగ్రమైన నియమగ్రంథము వెలువడెను. నేడు నడచుచున్న ఐదవ రూపము 2007లో వచ్చినది. ఇందలి ప్రధానసూత్రము సులభము. పాఠములోని ప్రతి భాగమునకును అది ఎట్లు కనబడవలెనో చెప్పక, అది ఏమియో చెప్పవలెను. ఇది పద్యము, ఇది పాదము, ఇది వచనము, ఇది వ్యక్తినామము, ఇది లేఖకుడు కొట్టివేసినది, ఇది పంక్తులనడుమ చేర్చినది, ఇది చిలుముపట్టి సందిగ్ధమైనది అని చెప్పినచో, లావక్షరములతో చూపవలెనా, రంగుతో చూపవలెనా యనునది తరువాతి మాట.

ఒక తాళపత్రమున కందపద్యము నొకదానిని తీసికొందము. మూడవ పాదపు మొదటి రెండక్షరములను పురుగు తినినది. వేఱొక ప్రతి దొరకలేదు. అచ్చుపుస్తకపు సంపాదకుడు చుక్కలు పెట్టి ఊరకుండును, లేదా తానే పూరించి కుండలీకరణమున చూపును. టీఈఐ పద్ధతిని ఎక్కించు సంపాదకుడు ఇంకను సూక్ష్మముగ ఆలోచింపవలెను. కందమునకు ప్రాస తప్పదు గనుక నశించిన రెండవ అక్షరపు హల్లు ఇతరపాదములనుండి నిస్సందేహముగ తెలియును. దాని అచ్చు తెలియదు. కందమున మొదటి పాదము లఘువుతో మొదలైన తక్కినవియు లఘువుతోను, గురువుతో మొదలైన గురువుతోను మొదలుకావలెను గనుక, నశించిన మొదటి అక్షరపు మాత్రాపరిమాణము తెలియును; అక్షరమేదో తెలియదు. ఆ రెంటికిని సరిపడు మాట నొకదానిని సందర్భమునుబట్టి సంపాదకుడు ఊహించును. అపుడు ఆ చోట ఆయన నమోదు చేయవలసినది ఇది: లోపము రెండక్షరములు, హేతువు పురుగు, పూరణము ఫలాని సంపాదకునిది, ప్రాసాక్షరము నిశ్చితము, తొలియక్షరము మాత్రానిశ్చితము, మాట ఊహితము. రేపు మఱొక ప్రతి దొరకినచో ఏది కూలునో, ఏది నిలుచునో ఈ గుర్తులే చెప్పును. గుర్తు పెట్టుట గుమాస్తాపని యని తలచువారు ఈ యొక్క పద్యమును ఎక్కించి చూడవలెను. ఛందస్సు, వ్యాకరణము, లిపిజ్ఞానము, ఔచిత్యము, ఇన్నింటికిని ఒకే చోట పరీక్ష జరుగును.

పలు ప్రతులు దొరకినపుడు ప్రతి యొక్కదానికి ఒక సంకేతమును కల్పించి, ప్రతి పాఠాంతరమును దాని సాక్షితో కట్టివేయుదురు. అట్లు కట్టిన పిదప చదువరి తన యిచ్ఛానుసారము ఒక ప్రతిని మాత్రమే ఎత్తి చదువవచ్చును. సంపాదకుని పాఠమును చదువవచ్చును. ఏ రెండు ప్రతులు ఎక్కువ చోట్ల ఏకీభవించుచున్నవో యంత్రముచే లెక్కింపించి వాని వంశవృక్షమును ఊహింపవచ్చును. అచ్చుపుటయడుగున ఇఱుకున పడియుండిన పాఠాంతరములకు ఇట్లు సమానాసనము లభించును.

ఈ విధానము మన నేలమీది పాఠములకు ఉపయోగింపదని శంకింపనక్కఱలేదు. ఆంధ్రదేశపు తొలి శాసనములను, అమరావతీ నాగార్జునకొండల శాసనములు మొదలు విష్ణుకుండినుల కాలమువఱకు, ఫ్రెంచి ప్రాచ్యవిద్యాసంస్థకు చెందిన పండితులు టీఈఐనుండి శాసనములకై పుట్టిన ఎపిడాక్ పద్ధతిలో ఎక్కించి లోకమునకు తెఱచియుంచిరి. ఏ అక్షరము స్పష్టము, ఏది విఱిగినది, పూర్వసంపాదకులు దానిని ఎట్లు చదివిరి అనునది ప్రతి శాసనమునకును ఒకే విధముగ అందు తెలియును. మన జిల్లాలో శంకరము దగ్గఱ బొజ్జన్నకొండ కలదు. ఆవల సింహాచలమున 1516 నాటి కృష్ణదేవరాయల శాసనముతో కూడ వందలకొలది శాసనములు గోడలపై నిలిచియున్నవి. సింహాచలశాసనములు దక్షిణభారతశాసనముల ఆఱవ సంపుటమున అచ్చైనవి. వానిని ఈ పద్ధతికి తెచ్చుట మన విశ్వవిద్యాలయములకు తగిన పని.

4. నేటి స్థితి

ఈ యిరువది యేండ్లలో తెలుగువారు చేసిన పని తక్కువదని నేననను. రాజ్ రెడ్డిగారి ప్రేరణతో సాగిన పదిలక్షల పుస్తకముల యోజనలోను, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలోను వేలకొలది తెలుగు పుస్తకములు ఛాయాచిత్రములుగ నిలిచినవి. ఆంధ్రభారతివారు కావ్యములను నిఘంటువులను ఎక్కించి, ఒక్క మాటను పలు నిఘంటువులలో ఏకకాలమున వెదకు వీలు కల్పించిరి. వికీసోర్సున స్వచ్ఛందసేవకులు పుట ఛాయాచిత్రమును ఒకప్రక్కను, ఎక్కించిన పాఠమును మఱొకప్రక్కను ఉంచి, ఒకరు దిద్దినదానిని మఱియొకరు సరిచూచు పద్ధతిని నడుపుచున్నారు. పోతన భాగవతమును ఊలపల్లి సాంబశివరావుగారు పద్యముపద్యమును విడదీసి, ప్రతిపదార్థములతో తెఱమీద నిలిపిరి. మిరియాల దిలీపుగారి 'ఛందం' పద్యమునిచ్చినచో గణయతిప్రాసలను లెక్కించి తప్పు చూపును. ఇవన్నియు ప్రభుత్వాజ్ఞలవలన కంటె ఎక్కువగ వ్యక్తుల పట్టుదలవలన జరిగినవి.

ఐనను మన తెఱలపై తిరుగు పద్యములలో అధికభాగమునకు పుట్టుక తెలియదు. నర్సీపట్నమున సెంటు భూమి కొనవలెనన్నను లింకు డాక్యుమెంట్లన్నియు చూచి, ఈసీ తీయించి గాని మనము బయానా ఇయ్యము. వేయేండ్ల కవి పద్యమును మాత్రము ఎవరినుండి ఎవరికి వచ్చినదో అడుగకయే చేతబట్టుదుము. ఎవరో ఎక్కించినది, ఇంకెవరో నకలు తీసినది, మూడవవారు శకటరేఫలను తొలగించినది, నాలుగవవారు అరసున్నలను రాల్చినది, ఐదవవారు తమకు తెలిసిన మాటను పెట్టినది, ఇట్టి పాఠము వేయి చోట్ల కనబడినంతమాత్రమున వేయి సాక్ష్యములు కావు. అది ఒక్క సాక్ష్యమే, దాని మూలము కూడ పోయినది. ఛాయాచిత్రమునుండి అక్షరములను తానే చదువు ఓసీఆర్ యంత్రము బాగుపడిన కొలదియు ఈ ప్రమాదము పెరుగును. పూర్వపు యంత్రము తప్పు చదివినచో అర్థములేని అక్షరములు వచ్చెడివి, తప్పు పట్టుబడెడిది. నేటి యంత్రము తాను నేర్చిన భాషనుబట్టి ఊహించి, అపరిచితమైన పాతమాటకు పరిచితమైన కొత్తమాటను పెట్టగలదు. అది మన లేఖకులు చేసిన పొరపాటే. లేఖకుడు గద్యలో తన పేరు చెప్పుకొనెను, యంత్రము చెప్పుకొనదు.

5. ఈ జిల్లా చేయదగిన పని

విమర్శించి విడుచుట ఉపన్యాసధర్మము కాదు గనుక ఒక ప్రత్యక్షకార్యమును ప్రతిపాదించెదను. మన జిల్లాలోని రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చైనది. 1909లో ఆయన దానిని రెండవ ముద్రణమను పేర దాదాపు కొత్త నాటకముగ తిరిగి వ్రాసెను. ఐదంకములు ఏడైనవి, మధురవాణి పాత్ర విస్తరించి నాటకమునకు కేంద్రమైనది. మనము చదువునది, ఆడునది, పాఠ్యగ్రంథములలో చేర్చునది రెండవదే. మొదటిది మఱుగునపడియుండగా బంగోరె 1969లో దానిని వెలికి తెచ్చి 'మొట్టమొదటి కన్యాశుల్కం' అని ప్రకటించెను. రెంటికిని కర్త ఒక్కడే, రెండును ఆయన జీవితకాలమున అచ్చైనవే, రెండును ప్రామాణికములే. తాళపత్రపరిష్కర్త వలె ఇందు ఒకదానిని నిలిపి మఱొకదానిని పుటయడుగునకు పంపుట తగదు. రెండు పాఠములను సంపూర్ణముగ ఎక్కించి, ఏ సంభాషణము ఎచటినుండి ఎచటికి తరలినది, ఏది పెరిగినది, ఏది తొలగినది యను సంబంధములను కట్టిచూపుట యంత్రపరిష్కరణమునకే సాధ్యము.

ఈ నాటకము గుర్తులు పెట్టువానికి గొప్ప పాఠశాల. అంకము, రంగము, పాత్ర, సంభాషణము, రంగసూచన యను చట్రము అట్లుండగా, ఒక్క పాత్ర నోటనే తెలుగు, ఆంగ్లము, సంస్కృతము కలియుచుండును. ఏ మాట ఏ భాషదో గుర్తించినచో, గిరీశము ఎవరియెదుట ఎంత ఆంగ్లము పలుకునో, 1897నుండి 1909నకు ఆ పాలు ఎట్లు మాఱెనో లెక్కతో చెప్పవచ్చును. ఇక వాడుకభాష. ఈ ప్రాంతపు పలుకుబడిని గురజాడ చెవితో విని అక్షరములలో పెట్టెను. ఆ యక్షరక్రమమే ఆయన సిద్ధాంతము. దిద్దుబాటు యంత్రమునకు అది తప్పుగ తోచును. సదుద్దేశముగల ముద్రాపకునికి నేటి వాడుకకు మార్చిన బాగుండునని తోచును. ఆయా ముద్రణపు అక్షరక్రమమును తాకక నిలిపి, వెదకువారి సౌకర్యమునకు నేటి రూపమును దానికి జంటగ గుర్తించినచో మూలమును కోరువారికిని వెదకువారికిని తృప్తి. గురజాడవారి గ్రంథములకు కాపీరైటు కాలము ఏనాడో తీఱినది. ఎవరి యనుమతియు అక్కఱలేదు.

నాటకముతోబాటు పాట. నర్సీపట్నము మన్యమునకు వాకిలి. 1922 నాటి పితూరీని, అల్లూరి సీతారామరాజును గూర్చిన పాటలు ఈ ప్రాంతమున వాడుకలో నున్నవి. పాటకు మూలప్రతి లేదు. పాడిన ప్రతివారును ఒక సాక్షి. ఇది శుద్ధపాఠము, అది అపపాఠము అని తీర్పు చెప్పుటకు బదులు, ఎవరు, ఏ యూర, ఎప్పుడు పాడినదో తెలిపి, గాయకుల సమ్మతితో, అన్నింటిని ప్రక్కప్రక్కన నిలుపుటయే ఇచట పరిష్కరణము. మన్యపు కొండభాషల పాటలకు ఈ శ్రద్ధ రెండింతలు కావలెను. గిడుగు రామమూర్తిగారు సవరభాషకు చేసిన సేవ మనకు దారి చూపియేయున్నది.

6. శంకలు

ఇంత శ్రమపడి యంత్రములో పెట్టినది నిలుచునా యని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియావారి తావు మూతబడినపుడు ఆ పుస్తకములు మనకు దక్కినవన్నచో, వాని నకళ్లను ఇంటర్నెట్ ఆర్కైవునకు ఎక్కించి యుంచుటవలననే. తాళపత్రములపైని పాఠము వందల యేండ్లు నిలుచుటకును కారణమిదియే: నశింపకముందే ఎవరో మఱొక ప్రతి వ్రాసిరి. యంత్రపాఠమునకును అదే రక్ష. పాఠమును ఒక సంస్థకే సొంతమైన రూపమున గాక, ఏ యంత్రమైనను చదువగల సాదా అక్షరములతో నిలిపి, పలుచోట్ల నకళ్లుంచినచో అది బ్రతుకును. టీఈఐ వాడు ఎక్స్ఎమ్ఎల్ అట్టి సాదా రూపమే.

రెండవ శంక: ఈ పనికి ఫలము ఎన్నడు కనబడును? ఇటలీ దేశపు రొబెర్తో బూసా యను క్రైస్తవసన్యాసి 1949లో ఐబీఎమ్ సంస్థను ఆశ్రయించి తోమస్ అక్వినాసు గ్రంథములకు పదసూచిని యంత్రముచే చేయింప మొదలిడి, ముప్పదియేండ్ల పిదప 56 సంపుటములుగ పూర్తిచేసెను. ఆ గ్రంథమునకు కార్డులు పొడిచినవారు పెక్కండ్రు యువతులు. వారి పేర్లు చాలకాలము ఎవరును తలపలేదు. నేటి నియమములలో పాఠపు తొలిభాగమున ఎవరు ఎక్కించిరి, ఎవరు సరిచూచిరి, ఎవరు నిర్ణయించిరి అని వేర్వేఱుగ వ్రాయు చోటు ఏర్పఱచిరి. మన విద్యార్థులచే ఈ పని చేయించువారు ఆ చోటును ఖాళీగ విడువరాదు.

మూడవది, యంత్రమునకు రసజ్ఞత లేదుగదా యనునది. లేదు, కావుననే నిర్ణయము మనదై, లెక్క దానిదై యుండవలెను.

కావున ఈ ధర్మనిధి కార్యవర్గమువారికిని, నర్సీపట్నపు కళాశాలాధ్యాపకులకును నా విన్నపములు నాలుగు. మొదటిది, 1897, 1909 ముద్రణముల పుటలకు స్పష్టమైన ఛాయాచిత్రములను సంపాదించి, పాఠమెక్కించుటకు ముందే అందఱికిని అందుబాటున ఉంచుట. రెండవది, ఒక్క అంకముతో ఆరంభించుట. ఇద్దఱు వేర్వేఱుగ ఎక్కించి, యంత్రముచే పోల్పించి, భేదించిన చోట్ల ఛాయాచిత్రమును చూచి తేల్చుట. మూడవది, గుర్తులు పెట్టు నియమములను తెలుగున వ్రాసి ప్రకటించుట. అరసున్నను ఏమి చేయవలెను, వలపలగిలకను ఎట్లు చూపవలెను, ద్విరుక్తమైన అచ్చుతప్పును దిద్దవలెనా చూపవలెనా యను ప్రశ్నలకు ఇతరజిల్లాలవారును ఆ నియమములనే వాడుకొనగలరు. నాలుగవది, మాస్టారివంటివారు పుస్తకముల యంచులలో విడిచిన వ్రాతలను కూడ ఆయా పాఠములకు సాక్ష్యముగ చేర్చుట. పాఠశాలల బీరువాలలో, ఇండ్లలోని అటకలపై అట్టి పుస్తకములు తూకమునకు పోకముందే ఈ పని జరుగవలెను.

ఇవి చేయుటకు కావలసినది ఒక స్కానరు, రెండు కంప్యూటర్లు, నలుగురు ఓపికగల విద్యార్థులు, కన్యాశుల్కము తెలిసిన ఒక అధ్యాపకుడు. ఏడంకములు పూర్తియగుటకు ఎన్నియేండ్లు పట్టినను, మొదటి అంకము ముగిసిననాటినుండియే దాని ప్రతి మాటకు 'ఏ ప్రతిలోనిది?' అని అడిగినవానికి సమాధానము సిద్ధముగ నుండును. వచ్చే యేటి ఉపన్యాసకుడు ఈ వేదికపై ఆ యంకమును పరీక్షించి, మన నిర్ణయములలోని లోపములను పేరుపేరున చూపగలిగినచో ఈ ధర్మనిధి సార్థకమగును.